భుజం మారిన తువాళ్లు

పోయిన నెల మా పెదనాయన కన్ను మూశాడు. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడి ఉంటే మా ఊరి కండక్టరు చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. పైవూరి పెద్దమనిషి మొహం గుర్తొచ్చింది, పళ్లు కొరికాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదంటారు. పెదనాయనకు దాచిపెట్టడం గిట్టదు కాబట్టి రాస్తున్నాను.

ఆళ్లగడ్డ దగ్గర, కాలువ చివర మా ఊరు. పైవూరు తాగి వదిలితేనే మాకు నీళ్లు. ఏటా తగువే. రెండు ఊళ్లవాళ్లు తూము దగ్గర కూర్చున్నప్పుడల్లా పెదనాయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. వాదించే ఇద్దరూ భుజాల మీది తువాళ్లు మార్చుకోవాలి. ఎవరి తువాలు వేసుకుంటే వాళ్ల పక్షం చెప్పాలి. "ఔ, నా మాట అదే" అని అవతలి మనిషి ఒప్పుకున్నాకే సొంత వాదన.

"వాళ్ల వకాల్తా మనకెందుకు పెదనాయనా?" అని అడిగితే నవ్వేవాడు.

"వాని మాట వానికంటే బాగా చెప్పలేనోనివి, వానికి జవాబేం చెప్తావురా?"

ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు మీద గొడవైనా ముందు పెద్దమ్మ పక్షం పూర్తిగా చెప్పేవాడు. "ఇంగేం, నువ్వే ఒప్పుకుంటివి గదా" అని ఆమె లేచిపోయేది.

తొంభైల చివర వానలు మొహం చాటేసిన ఏడు. వరి పొట్టకొచ్చింది, ఒక్క తడి అందితే చాలు. తూము దగ్గర తువాళ్లు మారాయి. పెదనాయన పైవూరాయన ఎర్రంచు తువాలు వేసుకుని వాళ్ల కష్టమంతా చెప్పాడు. చివర్న ఎవరూ అడగని మా తప్పు కూడా చెప్పాడు.

"తూము తాళం పగలగొట్టింది మా ఊరోళ్లే. తప్పు మాదే."

నేను పక్కనే కూర్చుని నేల చూశాను.

ఇక పైవూరాయన వంతు. తాము మా నీళ్లు దొంగతనంగా మళ్లించుకున్న సంగతి ఆయన నోటితో రావాలి. రాలేదు. "తప్పు మాదే అంటిరి గదా, ఇంగ మాటేముండాది?" అని లేచి, పెదనాయన తువాలుతో సహా వెళ్లిపోయాడు. మర్నాడు నంద్యాలలో అధికారుల ముందు పెదనాయన మాటే అప్పజెప్పాడు. మా నీళ్ల వంతు ఆగిపోయింది. ఎండిన పైరులోకి పశువుల్ని తోలుకున్నాం.

ఊరు పెదనాయనను పంచాయితీలకు పిలవడం మానేసింది. నేను రెండేళ్లు మాట్లాడలేదు. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"నిజం చెప్పి ఏం సాధిస్తివి?"

"నేను చెప్పల్సింది నేను చెప్పినా. వాడు చెప్పల్సింది వాని దగ్గరే ఉండాది. ఆ తువాలు చూసినప్పుడల్లా తెలుస్తాంటాది వానికి."

నాకంత ఓర్పు లేదు. ఆ మనిషిని నలుగురిలో నిలబెట్టి కడగాలని ఏళ్ల తరబడి మాటలు నూరుకున్నాను. పెద్దదినం నాడు ఆయనే వచ్చాడు. భుజాన పెదనాయన తువాలు.

"ఇప్పుడు యాడికొస్తివి?" అన్నాను.

ఆయన నన్ను దాటుకుని లోపలికి నడిచాడు. పందిట్లో అందరి ముందూ నిలబడి మా పక్షం చెప్పాడు. "మీ నీళ్లు మేం మళ్లించుకున్యాం. మీ పైరు ఎండతాంటే చూస్తా ఉన్యాం. తాళం పగలగొట్టక మీరేం చేస్తారు?"

"ఔ, ఆయప్ప మాట అదే" అంది పెద్దమ్మ.

నా కోపం చల్లారలేదు. వినాల్సిన మనిషి మట్టిలో కలిశాక చెప్పిన నిజం ఎవరికి కావాలి? నూరుకున్నవన్నీ అనబోయాను. పెద్దమ్మ లోపలికి వెళ్లి, కొయ్యకు తగిలించి ఉన్న ఎర్రంచు తువాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అను. ముందు ఇది ఏసుకో."

వేసుకుంటే ఆయన పక్షం మొత్తం చెప్పాలి. తాళం మీద రాయి వేసింది నేనేనని చెప్పాలి. పెదనాయనకు అది తెలుసు. ఊరంతా తిట్టినా నా పేరు ఎత్తలేదు.

పైవూరాయన నా ఖాళీ భుజం వైపు చూశాడు. తర్వాత పెద్దమ్మకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆయనంటే నాకిప్పటికీ మంటే. ఎర్రంచు తువాలు నేను రాసుకునే బల్ల మీద ఉంది, పెద్దమ్మ ఇచ్చిన మడత మడతగానే.