కుళాయి మామ లైసెన్సు

కుళాయి మామ పోయాడన్న కబురు మా నాన్న తెచ్చాడు. పోయిన నెల ఒక పొద్దున జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి, మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళయినా అడక్కుండా, "ఆయన పోయినాడమ్మా" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. మా ఇంట్లో పేరు లేకుండా 'ఆయన' అంటే ఒక్కరే.

చదివేవాళ్ళకు ముందే చెప్పాలి. నేను మామా అని పిలిచిన ఈ మనిషి మాకు చుట్టం కాడు. మా నాన్న కుడి చెయ్యి విరగ్గొట్టి, జైలుకు పోయి వచ్చిన మనిషి.

అప్పటికి నేను చిన్నపిల్లను. మా పల్లెవాళ్ళ వలలూ పక్క పల్లెవాళ్ళ వలలూ సముద్రంలో ఒకదాని మీద ఒకటి పడి చిక్కుకున్నాయి. ముందు ఎవరు వేశారన్న దగ్గర మాటలు మొదలై, తెప్పలు ఒడ్డుకు చేరేసరికి కొట్లాట అయింది. పక్క పల్లె మనిషైన ఆయన తెడ్డు ఎత్తి కొట్టాడు. అడ్డం పెట్టిన నాన్న చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. కట్టు కట్టించినా ఎముక సరిగా అతకలేదు. నాన్న మళ్ళీ వల లాగలేకపోయాడు. అమ్మ చేపల గంప నెత్తికెత్తుకుని ఊళ్ళు తిరిగింది. కోర్టులో ఆయన వాదించలేదు, కొట్టింది తానేనని ఒప్పుకున్నాడు. శిక్ష పడింది. పైపుల పని నేర్చుకున్నది ఆ జైల్లోనే. బయటికొచ్చాక వేటకు పోకుండా టౌనుకు చేరి, ఒక ప్లంబరు కింద కూలికి కుదిరాడు.

పెళ్ళయి నేనూ అదే టౌనుకు వచ్చాను. మా వారికి సైకిలు షాపు. మా వీధి బావి నీళ్ళు ఉప్పన, పప్పు ఉడికేది కాదు. అందుకే మునిసిపాలిటీ వాళ్ళు మంచినీళ్ళ పైపులు వేస్తున్నారంటే ఆడవాళ్ళందరం పండగలా ఎదురుచూశాం. అయితే వీధి పైపు నుంచి ఇంట్లోకి కనెక్షను ఇవ్వాలంటే లైసెన్సు ఉన్న ప్లంబరే ఇవ్వాలి. మా వారు ఆ ప్లంబరుతో మాట్లాడి వచ్చారు. మర్నాడు ఆ ప్లంబరు తన మనిషిని పంపాడు.

వాకిట్లో సంచి దించి తలెత్తిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు. కోర్టులో అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లను మరిచిపోలేదు. దించిన సంచి మళ్ళీ భుజానికెత్తుకుని, "వేరే మనిషిని పంపమని చెబుతానమ్మా" అన్నాడు.

  నేను గోడ ఎక్కడ తవ్వాలో చూపించాను. అదే సమాధానం అనుకున్నాడు.

పని చేస్తున్నంతసేపూ తలుపు చాటునుంచి చూస్తూనే ఉన్నాను. పైపు మర మీద జనపనార చుట్టేటప్పుడు ఆయన వేళ్ళు చాలా నెమ్మదిగా కదిలేవి. కుళాయి బిగించి పానా పక్కన పెట్టేస్తే, ఇంకాస్త బిగించమన్నాను, కారుతుందేమోనని. "బిగించేది బలంతో కాదమ్మా. చాలు అనిపించిన కాడ చెయ్యి ఆగాల. ఆగకపోతే మర పోతాది" అన్నాడు. కాసేపటికి, సంచి సర్దుకుంటూ, "నాకది ఆలస్యంగా తెలిసింది" అని గొణుక్కున్నాడు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరి కుళాయి కారినా ఆయనే వచ్చేవాడు. పాత చెప్పుల తోలు ముక్కలు సంచిలో ఉండేవి, వాటితో వాషర్లు కోసేవాడు. ఎవరింట్లోనైనా నీళ్ళు రాగానే తాను పక్కకు జరిగి, మొదటి బిందె ఇంటావిడనే పట్టుకోమనేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు, గడప బయటే కూర్చునేవాడు. నన్ను చూస్తే మాత్రం ఏ పనికన్నా ముందు ఒకటే అడిగేవాడు: "నాయన చెయ్యి ఎట్టుందమ్మా? చలికి లాగతా ఉందా?"

ఒక చలికాలం, "లాగుతోంది మామా" అన్నాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకూ తెలియదు. ఆకురాయితో పైపు రాస్తున్నవాడు ఆగిపోయాడు. తలెత్తి చూడలేదు. 

ఊరంతా మామ వేసిన పైపులే అయినా, ఏ పనికీ మామ పేరు లేదు. చేసేది మామ, సంతకం లైసెన్సు ఉన్న ఆ ప్లంబరుది. ఒకసారి ఆ ప్లంబరు పట్టుబట్టి పాత తుప్పు పైపు వేయించాడు. అది పగిలి ఒక ఇంటి గోడ నాని కూలితే నింద మామ మీద పడింది. అప్పుడే తనకంటూ లైసెన్సు కావాలనుకున్నాడు. మునిసిపాలిటీ పెట్టిన పరీక్షలో పైపు కోసి, మర తీసి, అతికించి చూపించాడు. పని బాగుందన్నారు. తర్వాత గుమాస్తా, ఎప్పుడైనా ఏ కేసులోనైనా శిక్ష పడిందా అని అడిగాడు.

లేదని చెప్పమని తోటి పనివాళ్ళు ముందే చెప్పారట. ఎక్కడో పల్లెలో జరిగిన కొట్లాట, ఎవరు పోయి విచారిస్తారని. మామ మాత్రం శిక్ష పడిందనే చెప్పాడు. లైసెన్సు రాలేదు. ఎందుకట్లా చెప్పావని నేను కోప్పడితే, "లేదంటే మీ నాయన చెయ్యి ఇరగలేదన్నట్టే గదమ్మా" అన్నాడు.

ఆ రూలు తప్పని నేను అనను. ప్లంబరు ఇళ్ళలోకి వస్తాడు, మగవాళ్ళు లేని వేళల్లోనూ వస్తాడు. ఎవరిని పంపుతున్నామో ఊరు తెలుసుకోవాల్సిందే. కానీ తెలుసుకున్న తర్వాత ఏం చెయ్యాలన్నది ఇంకో ప్రశ్న. నిజం చెప్పినవాడికీ ఇంకా కోపం చల్లారనివాడికీ ఆ రూలు దగ్గర ఒకటే జవాబు.

అక్కడి ఇంజనీరు మంచివాడు. మామ భార్యను పిలిచి, లైసెన్సులిచ్చే కమిటీ తలుచుకుంటే నడవడిక చూసి ఇవ్వొచ్చు, దెబ్బ తిన్న మనిషి వచ్చి తనకు అభ్యంతరం లేదంటే ఇంకా మంచిదని చెప్పాడు. ఆ మాట అత్త నాతో చెప్పి ఏడ్చింది. మామ మాత్రం నాన్నను అడగనన్నాడు. విరగ్గొట్టిన చెయ్యే పట్టుకుని సాయం అడగడానికి తనకు ముఖం లేదన్నాడు.

నేనే పల్లెకు పోయి చెప్పాను. అమ్మ వింటూనే లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు గంప మోసిన మెడ ఆమెది, ఆమెను ఏమనగలను?  పండగలకూ పబ్బాలకూ పోయినప్పుడల్లా నాన్నను కదిపాను. "చూద్దాంలే" అనేవాడు. అట్లా ఏళ్ళు దొర్లాయి. ఈలోగా మామకు దగ్గు పట్టుకుంది. పైపు మోసుకుని వీధి దాటేలోపు రెండు చోట్ల కూలబడేవాడు.

నాన్న ఒకరోజు చెప్పాపెట్టకుండా టౌనుకొచ్చాడు. మామ దగ్గు సంగతి విని అమ్మే పొమ్మందట. నన్ను వెంటబెట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకు నడిచాడు. కమిటీ వాళ్ళ ముందు చొక్కా చెయ్యి పైకి లాగి, వంకర తిరిగిన మోచెయ్యి చూపించి అన్నాడు: "ఇది ఇరిచింది ఆయనే. జైలు ఏసినారు, ఉండి వచ్చినాడు. ఇంకా యాడ ఉండమంటారయ్యా?"

వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. లైసెన్సు ఇచ్చారు.

అది చేతికొచ్చాక మామ నాలుగైదు ఇళ్ళ పని చేశాడేమో. పానా తిప్పే బలం చేతుల్లో లేదు. తర్వాత మంచం పట్టాడు. అత్త ఆయన్ని సొంత పల్లెకు తీసుకుపోయింది. నాన్నా మామా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది ఒక్కసారే, మా అరుగు మీద. అప్పుడూ వాన గురించీ చేపల గురించీ తప్ప మాట్లాడుకోలేదు.

కబురు చెప్పిన పొద్దున నాన్న నాతో, "ఆ ఆఫీసుకు ముందే పోవాలనుకుంటానే ఉన్నా. రేపు పోదాం, ఎల్లుండి పోదామని గడిపినా. ఆయనకు వొంట్లో సత్తువ ఉండంగానే పోయుంటే" అని ఆపేశాడు. 

ఇద్దరం కలిసే ఆ పల్లెకు పోయాం. కొట్లాట తర్వాత నాన్న ఆ ఊళ్ళో అడుగుపెట్టడం అదే. ఇంటి ముందు కూర్చున్న మగవాళ్ళు గుర్తుపట్టారు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. నాన్న ఇసకలో అట్లాగే నిలబడ్డాడు. చూరు కింద చాప మీద మామ తల్లి కూర్చుని ఉంది, ముసలిది, చూపు సరిగా ఆనదు. పక్కనున్న ఆడమనిషి, వచ్చిందెవరో ఆమె చెవిలో చెప్పింది. ముసలమ్మ తల తిప్పి నాన్న ఉన్న వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ నేలకానించి, మెల్లగా పక్కకు జరిగి, చాప మీద చోటిచ్చింది.

నాన్న వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.