సంత రోజు హాజరు

మాఘ బహుళ విదియ, శనివారం. బడి తనిఖీ. హాజరైనవారు: జగదల్‌పూర్ నుంచి వచ్చిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, ఆయన చప్రాసి, ఊరి పటేల్, నేను. విద్యార్థులు: ఎవరూ లేరు.

ఆనాటి డైరీ పుట ఇలా మొదలవుతుంది. అవి బస్తర్ సంస్థానం రోజులు. కోంటకు ఎగువన, శబరి ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాల నా మొదటి ఉద్యోగం. తర్వాతి కాలంలో హెడ్మాస్టరునయ్యాను, ఇన్‌స్పెక్టరునయ్యాను. ఏ ఊరి బడికి వెళ్ళినా రిజిస్టరు తెరవకముందే “ఇక్కడ సంత ఏ వారం?” అని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న నాకు ఆ శనివారం నుంచి పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు చెప్పిన రోజుకంటే ముందే వచ్చారు. రిజిస్టరు తీశారు. పందొమ్మిది పేర్లు, పందొమ్మిదింటికీ ఆ రోజు హాజరు వేసి ఉంది. గదిలో చుట్టిన చాపలు తప్ప ఏమీ లేవు.

“పిల్లలేరీ?” అన్నారు. ఆయనది హిందీ దేశం. పర్యటనల్లో తెలుగు నేర్చుకున్నారు.

“సంతకు వెళ్ళారండీ.”

“వాళ్ళు సంతలో, వాళ్ళ హాజరీ ఇక్కడ. బహుత్ అచ్ఛా!”

నిజం చెప్పాను. శనివారం సంతనాడు చింతపండు, కరక్కాయలు మోయడానికి ఇంటిల్లిపాదీ పోతారు. ఊళ్ళో నడవగలిగిన పిల్ల ఒక్కటీ మిగలదు. ఆదివారం అందరూ ఖాళీ. రూలు ప్రకారం ఆదివారం సెలవు. సెలవు మార్చమని జగదల్‌పూర్‌కు రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. అందుకని ఆదివారం పాఠం చెప్పి, ఆ హాజరును శనివారం గడిలో చూపించేవాణ్ణి. ఖాళీ గడిని రాత్రంతా వదిలేయడం నా స్వభావానికి పడదు. శనివారం పొద్దున్నే అందరికీ హాజరు వేసేసి, మర్నాడు రానివాళ్ళకు కొట్టివేసేవాణ్ణి. ఆ పద్ధతే నన్ను పట్టించింది.

ఆయన కాగితం నా ముందుకు తోసి సంజాయిషీ రాయమన్నారు. దొంగ హాజరని తేలితే ఉద్యోగం పోతుంది. నేను పోతే బడి మూతపడుతుంది. ఆ ఊరికి ఇంకో పంతులు వస్తాడన్న ఆశ లేదు.

చప్రాసి నన్ను గుమ్మం పక్కకు పిలిచాడు. “జరాలొచ్చినయని రాసెయ్ పంతులా. ఈడ జరాలు లేని నెలేంది? దొరకు గూడ అదే సుకం.”

వాడు చెడ్డవాడు కాదు, దారి చూపించాడు. కాని జ్వరాలని రాస్తే వచ్చే శనివారం మళ్ళీ అదే అబద్ధం మొదలుపెట్టాలి. కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను: “ఈ హాజరు పిల్లలు రాకముందే వేశాను. ప్రతి శనివారమూ ఇలాగే వేస్తున్నాను. పాఠం ఆదివారం చెబుతాను. అయ్యగారు రేపు ఉండి చూడవలెను.”

ఆయన చదివి కాగితం మడిచారు. “ఉంటాను. కానీ మీరు బడి దాటి పోకూడదు. పిల్లల్ని పిలవకూడదు, కబురూ పెట్టకూడదు.”

సరేనన్నాను. అప్పటిదాకా గోడకానుకుని ఉన్న పటేల్ నవ్వాడు.

“ఏంది పంతులా, దొర ఊళ్ళ ఉండంగ పోరగాళ్ళు వస్తరా? దొర దిగిండని సంతల తెలిసే ఉంటది. అటుకెల్లి అటే చేన్ల గుడిసెలకు పోతరు.”

అది నేను మరిచిన సంగతి. అధికారి దిగాడంటే వెట్టి. తర్వాతి మజిలీ దాకా సామాను మోయడానికి మగవాళ్ళను, ఎదిగిన పిల్లలను తాడు కట్టి పట్టుకుపోయేవారు. అధికారి కదిలేదాకా ఊరు ఖాళీ.

“అయ్యా, రేపు వెట్టికి ఎవరినీ పట్టరని చాటింపు వేయనివ్వండి. బడి మాట ఎత్తనక్కర్లేదు” అన్నాను.

“మరి దొర బిస్తరు, పరుపుచుట్ట ఎవరు మోస్తరు? నువ్వు మోస్తవా?” అన్నాడు చప్రాసి.

“మోస్తాను.”

ఇన్‌స్పెక్టరు పటేల్ వైపు తిరిగారు. “వెట్టి బేగారీ లేదని నా మాటగా చెప్పు.”

“దొర మాటంటే నమ్మరు. పంతులు మోస్తడంటే నమ్ముతరు” అని పటేల్ డప్పువాణ్ణి సంత దారికి పంపడానికి వెళ్ళాడు.

మర్నాడు, ఆదివారం. ఊడ్చి చాపలు పరిచాను, రోజూలాగే ఒకసారి బడి గంట కొట్టాను. ఎవరూ రాలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. ఇంకోసారి గంట కొట్టాలని చెయ్యి లేచింది. పిలవనని మాట ఇచ్చాను గనుక కూర్చున్నాను.

ముందు చంకన తమ్ముణ్ణి ఎత్తుకుని ఒక చిన్నది వచ్చింది. చూరు కింద ఆగి, చప్రాసి చేతుల్లో తాడు లేదని చూసుకుని లోపలికి వచ్చింది. వెనక ముగ్గురు, కాసేపటికి మరో అయిదుగురు. ఎక్కాలు మొదలయ్యేసరికి పదమూడుమంది. ఆరుగురు రాలేదు.

ఇన్‌స్పెక్టరు చాప మీదకు దిగి తానే లెక్క అడిగారు. “గంప చింతపండుకు శెట్టి గంప ఉప్పు ఇస్తే, మూడు గంపలకు ఎంత?”

“గంపకు గంప ఏ శెట్టి ఇస్తడు దొరా? సగమే ఇస్తడు” అంది చిన్నది.

“సరే, సగమే. మూడు గంపలకు?”

“గంపన్నర.”

ఆయన ఇంకో లెక్క అడిగారు. ఆ తర్వాత నాకు ఎర్రసిరా ఇచ్చి, ఆ ఏడాది శనివారాల హాజరంతా కొట్టివేసి ఒక్కొక్కదాని కింద సంతకం పెట్టమన్నారు. మధ్యాహ్నం దాకా పెట్టాను. లాగ్‌బుక్‌లో ఆయన రెండు ముక్కలు రాశారు: ఈ బడికి వారపు సెలవు ఇకనుంచి శనివారం, తప్పుడు హాజరు వేసినందుకు ఉపాధ్యాయుణ్ణి ఉద్యోగంలో ఖాయం చేయడం ఒక ఏడాది వాయిదా. చదివి సంతకం చేశాను. పిల్లల్ని ఇళ్ళకు పంపి, ఇన్‌స్పెక్టరు బిస్తరు నెత్తికెత్తుకుని తర్వాతి మజిలీకి బయలుదేరాను. సోమవారం పొద్దున బడి తెరవాలి గనుక, చీకటి పడకముందే తిరిగి రావాలని గబగబా నడిచాను.