ఎనభై పొద్దుల సుభాన్ సాబ్

సుభాన్ సాబ్‌కు లోకంలో ఒకటే కొలత, పొద్దు. అంటే రోజు. నెలలూ ఏళ్ళూ ఆయన లెక్కలోకి రావు. "సాబ్, చొక్కా బాగుంది, కొత్తదా?" అంటే "నాలుగు నూర్ల పన్నెండు పొద్దులు" అంటాడు.

మదనపల్లె శివార్లలోని మా బట్టల ఫ్యాక్టరీకి ఆయన టైం ఆఫీసు గుమాస్తా. గేటు పక్కన చిన్న గది, ఒక టేబుల్, దాని మీద ఎర్ర అట్ట రిజిస్టర్. గోడకు వేలిముద్ర మిషన్ వచ్చి ఎన్నాళ్ళయినా ఆయన ఆ రిజిస్టర్ మూయలేదు. మిషన్ మీద వేలు పెట్టాక ఆయన ముందు సంతకమూ పెట్టాలి. మరిచిపోతే క్యాంటీన్ దాకా వెంటపడతాడు.

"మిషన్ ఉండాది కదా సాబ్, మళ్ళీ ఇదెందుకు?" అంటే, "మిషన్‌కు కరెంటు కావల్ల. నాకు టీ ఉంటే సాలు" అంటాడు.

ఒకసారి ఆయన భార్య రబియా గారు టిఫిన్ క్యారియర్ తెచ్చినప్పుడు, మీకు పెళ్ళయి ఎన్నాళ్ళయిందని ఊరికే అడిగాను.

"పదివేల నాలుగు నూర్ల పదమూడు పొద్దులు" అన్నాడు సాబ్, ఆమె నోరు తెరిచేలోపే. "రంజాన్ ఒక్కపొద్దులు కూడా కలిపి."

"దాంట్లో నాతో నగుతా మాట్లాడింది ఎన్ని పొద్దులో, అది మాత్రం రాసుకోలే" అంది రబియా గారు.

నేను ఆయన చేతికి చిక్కింది ఒక మంగళవారం. అంతకుముందు బెంగళూరులో హాస్టల్లో ఉండి పనిచేస్తూ, ఆదివారాలకు పుంగనూరు అత్తగారింటికి వచ్చిపోయేదాన్ని. కడుపుతో ఆ తిరుగుడు నా వల్ల కాలేదు. మానేసి, ఇక్కడ క్వాలిటీ ఇన్‌ఛార్జి ఉద్యోగం వెతుక్కున్నాను. అప్పటికి ఐదో నెల. చెబితే దిష్టి అని మా అత్త పార్వతమ్మ, చెబితే ఉద్యోగం ఇవ్వరని నేను, ఇద్దరం కలిసి ఆ సంగతిని ఒక పెద్ద దుపట్టా కింద దాచాం.

ముహూర్తం కూడా అత్తే పెట్టింది. శుక్రవారం, ఏకాదశి. నేను మంగళవారం వెళ్ళింది సర్టిఫికెట్లు ఇచ్చి రావడానికే.

"ఆర్డర్ సేతికొచ్చిందా అమ్మా?" అన్నాడు సాబ్.

"వచ్చింది సాబ్. శుక్రవారం చేరతా."

"శుక్రవారం దాకా యాల? ఈ పొద్దే సేరు."

"ఈ పొద్దు అష్టమి సాబ్! పైగా మంగళవారం!"

"అష్టమికి సెలవని ఈ రిజిస్టర్లో యాడా రాసిలేదే! మూడు పొద్దులు ఉత్తపుణ్యానికి పోగొట్టుకుంటావా? పెట్టు సంతకం."

ఒక చేత్తో టేబుల్ పట్టుకుని, ఇంకో చేత్తో సంతకం పెట్టేశాను. ఇంటికెళ్ళి చెబితే అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను చేరిన మర్నాటి నుంచి సాబ్‌కు కొత్త పిచ్చి మొదలైంది. నేను నమస్తే సాబ్ అంటే ఆయన "రెండు" అనేవాడు. తర్వాత "మూడు". అందరికీ ఇలాగే చెబుతాడేమో అనుకుని బదులుగా తలూపేదాన్ని.

"నలభై ఒకటి" అన్న వారంలోనే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాలుగు రోజులు పని బంద్, లే-ఆఫ్ అని బోర్డు పెట్టారు. ఎవరైనా ఇంట్లో పడుకుంటారు కదా! సాబ్ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "వచ్చి సంతకం పెట్టి పొండి."

"పనే లేనప్పుడు సంతకమెందుకు సాబ్?" అన్నాను.

"పని లేదని నువ్వు చెప్పలే కదా, కంపెనీ చెప్పింది. నువ్వు వస్తివని కాయితం మీద ఉండల్ల."

పుంగనూరు నుంచి బస్సులో కుదుపులు తింటూ నాలుగు రోజులూ వచ్చి, కోపంతో వంకరగా సంతకాలు చేసి, అదే బస్సులో తిరిగి వెళ్ళాను. కుప్పంలో మా చిన్నమ్మ కూతురి సీమంతానికి సెలవడిగితే చేతులు జోడించి మరీ వద్దన్నాడు. ఆస్పత్రికంటే మాత్రం ఏనాడూ ఏమీ అనలేదు. అలా నాలుగు రోజులు ఆస్పత్రికే పోయాయి.

ఎనిమిదో నెల వచ్చేసరికి దుపట్టా ఓడిపోయింది, అందరికీ తెలిసిపోయింది. ఒక సోమవారం పొద్దున సాబ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎనభై!" అని నా చేతిలో ఒక బాదుషా పెట్టాడు. తినేసి పనికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం డాక్టరమ్మ బీపీ చూసి, ఇక బస్సెక్కవద్దని కాగితం రాసిచ్చింది.

మర్నాడు మా ఆయన చైతన్యతో ఆటోలో వెళ్ళి, ఆ కాగితం హెచ్చార్ నవీన్ ముందు పెట్టాను. నా జీతం ఈఎస్ఐ పరిమితి దాటింది కాబట్టి ప్రసూతి సెలవు జీతం కంపెనీయే ఇవ్వాలి. ఇరవై ఆరు వారాలు. చైతన్యది హార్స్లీ హిల్స్ రిసార్టులో పని, టూరిస్టులు రాకపోతే జీతం సగమే. నా జీతం కూడా ఆగితే మా ఇల్లు గడవదు.

నవీన్ కంప్యూటర్ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మేడం, కాన్పు తేదీకి ముందు ఏడాదిలో ఈ కంపెనీలో ఎనభై రోజులు చేసుండల్ల. పాత కంపెనీవి కలవవు. సిస్టమ్‌లో మీవి డెబ్బై ఐదే ఉండాయి."

ఆ కాగితం వెనక్కి తీసుకోబోయాను. అప్పుడే, ఎవరూ పిలవకుండానే, సుభాన్ సాబ్ రిజిస్టర్ చంకన పెట్టుకుని లోపలికొచ్చాడు.

"ఎనభై, నవీనప్పా."

"సిస్టమ్‌లో అట్ల లేదు సాబ్."

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన పొద్దు నీ సిస్టమ్‌కు కరెంటు యాడుండాది?" అంటూ నాలుగు పేజీలు తిప్పాడు. పైన ఎర్ర సిరాతో లే-ఆఫ్ అని ఉంది, కింద నా వంకర సంతకాలు. "లే-ఆఫ్ పొద్దులు పనిచేసినట్టే లెక్క. పంద్రాగస్టు జీతంతో సెలవు, అదీ లెక్కే. చట్టంలో ఉండాది, సూసుకో."

నవీన్ ఫోన్‌లో వెతికి రెండుసార్లు చదివాడు. "కరెక్టే సాబ్! నాకిది తెలీదు."

"నీకు యాల తెలుస్తాది? నువ్వొచ్చి రెండు నూర్ల ఆరు పొద్దులే కదా."

అష్టమి నాడు చేరకుండా శుక్రవారం చేరి ఉంటే డెబ్బై ఏడు దగ్గరే ఆగిపోయేదాన్ని. బయటికి వచ్చాక అడిగాను, "నా కడుపు సంగతి మీకు ఎప్పుడు తెలిసింది సాబ్?"

"తొలి పొద్దే. టేబుల్ పట్టుకుంటివే, అది నిలబడలేక పట్టుకునే పట్టు. నలుగురు బిడ్డల తండ్రినమ్మా నేను."

"మరి ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదా!"

"నువ్వు దాసిపెట్టుకున్నదాన్ని నేనెట్ల బయటేస్తాను? నా పని పొద్దులు లెక్కపెట్టడమే."

ఆ నాలుగు రోజులూ బస్సులో ఆయన్ను తిట్టుకున్నవన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

డాక్టరమ్మ చెప్పిన తేదీకి వారం ముందే పాప పుట్టింది. ఆ సాయంత్రమే సాబ్, రబియా గారు ఆస్పత్రికి వచ్చారు. మా అత్త మూలన కూర్చుని గొణుగుతోంది. "మంగళవారం! అందులోనూ అష్టమి!"

"మంచి పొద్దమ్మా" అన్నాడు సాబ్. "వాళ్ళమ్మ ఉద్యోగంలో సేరింది కూడా అట్లాంటి పొద్దే."

అత్త గొణుగుడు ఆపి, పాపను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన పాపను చూసి "ఒకటి" అన్నాడు. రబియా గారు పకపకా నవ్వింది.

నాకేమో ఉద్యోగం మీద బెంగ. "సాబ్, నాకు బాగుంటే కొంచెం ముందే వచ్చేస్తా. ఆడ పని ఆగిపోతాందేమో."

ఆయన మొహం గంభీరంగా మారింది.

"నీ సెలవు నూట ఎనభై రెండు పొద్దుల్లో ముప్పై ఐదు అయిపాయె. ఇంకా నూట నలభై ఏడు ఉండాయి, అవన్నీ నీవి. ఒక్క పొద్దు ముందొచ్చినా గేటు తియ్యను."