నారింజరంగు ఎలక్ట్రోలైట్

ఆ రోజుల్లో నాకు అర్థమైన విషయాలకన్నా, అర్థమైనట్టు తల ఊపిన విషయాలే ఎక్కువ. మార్కాపురంలో డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు మా ఫిజిక్స్ సారు రంగుతో పనిచేసే సోలార్ సెల్ ఇచ్చినప్పుడూ తల ఊపాను. రెండు గాజుపలకలు, ఒకదాని మీద తెల్లటి పొడి పూత, ఆ పూతకు పట్టించిన నేరేడుపండ్ల రసం, పలకల మధ్య నాలుగు చుక్కల ఎలక్ట్రోలైట్. ఎండ తగిలితే కరెంటు పుడుతుందట. (ఎందుకు పుడుతుందని అడగాలన్న సంగతే నాకు తోచలేదు.) పరీక్ష ముందురోజు సారు, "ఎలక్ట్రోలైట్ అయిపోయింది. మెడికల్ షాపులో గాయాలకు పూసే అయోడిన్ ఉంటాది, తెచ్చుకో" అన్నారు. బజారుకు పోతున్న నాయనతో చెప్పేసరికి నాకు మొదటి మాటే గుర్తుంది. నాయన నారింజరంగు సీసా తెచ్చి, "ఎండదెబ్బకు తాగేదంట. ఒంట్లో బాగలేదా ఏందిరా?" అన్నాడు. సీసా మీద ఎలక్ట్రోలైట్ అనే ఉంది. అనుమానం వచ్చింది కానీ, పేరు కలిసింది కదా అనుకున్నాను.

మర్నాడు పలకల మధ్య ఆ చుక్కలే వేసి కూర్చున్నాను. పరీక్ష చేయడానికి ఒంగోలు నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు ఎండలో బస్సు దిగి, లోపలికి వస్తూనే తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "తమ్ముడూ, కళ్ళు తిరగతాండాయి. తాగేదానికి ఏమన్నా ఉందా?" అన్నారు. చేతిలో ఉన్నది ఆ సీసానే. గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన మూతి తుడుచుకుంటుండగా మా సారు వచ్చారు.

"ఎలక్ట్రోలైట్ ఏదిరా?"

"ఎక్స్‌టర్నల్ సారు తాగినారు సార్."

మా సారు ముఖం పాలిపోయింది. "ఎంత తాగినారు?"

"అంతా తాగినారు సార్. ఇంకొంచెం ఉందా అని గూడా అడిగినారు."

మా సారు ఆటో పిలవమని అటెండరును పరుగెత్తించి, ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, గొంతులో మంటగా ఉందా?" అన్నారు.

"ఇందాక లేదు. మీరు అడిగినాక ఉన్నట్టుంది" అన్నారాయన బిత్తరపోయి.

ఇద్దరూ ఎందుకు భయపడుతున్నారో తెలియక (నాకూ భయమేసింది) ఖాళీ సీసా చూపించాను. మా సారు దాన్ని రెండువైపులా చదివి, బల్ల మీద కూర్చున్నారు. ఆటో వచ్చి, ఎవరూ ఎక్కక వెళ్ళిపోయింది.

తేరుకున్న ఎక్స్‌టర్నల్ సారు సెల్‌ను కిటికీలో ఎండకు పెట్టించారు. మీటరు ముల్లు కదలలేదు. ఎందుకని అడిగితే నేను మళ్ళీ సీసా మీది పేరే చూపించాను. చివరికి ఆయనే చెప్పారు: "ఎండ పడితే రంగులోంచి ఎలక్ట్రాన్ పోతుంది. పోయినచోట ఇంకోటి తెచ్చిపెట్టాల్సింది ఎలక్ట్రోలైటే. అయోడిన్ ఆ పని చేస్తాది. ఇది ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. పాసు చేస్తాలే గానీ, ఆ పలకలు కడుగు, చీమలు పడతాయి."

ఇప్పుడు కనిగిరిలో నేనూ పాఠాలు చెబుతున్నాను. అయోడిన్ సంగతి తడుముకోకుండా వివరిస్తాను. ఈ మధ్య మా బస్టాండులో ఒకాయన ఎండకు తూలిపడబోతే, ఏం ఇస్తే మంచిదో ఏది ఇవ్వకూడదో నేను ఆలోచించుకునేలోపు పక్కవాళ్ళెవరో నీళ్ళిచ్చేశారు. మార్కాపురంలో ఏమీ తెలియక కూర్చున్న ఆ కుర్రాడైతే ఆపాటికే గ్లాసు అందించి, ఇంకొంచెం కావాలా సార్ అని కూడా అడిగి ఉండేవాడు.