వేపచెట్టుకు కట్టిన ఎనిమిది మెట్లు

మా ముత్తాత తొమ్మిది ఊళ్లకు పెద్ద. ఆళ్లగడ్డ చుట్టుపక్కల గట్టు తగాదా వస్తే కచేరీ గడప తొక్కేముందు జనం మా అరుగు దగ్గరికి వచ్చేవారు. ఆయన కొడుకు, అంటే మా జేజినాయన, మునసబు. తలపాగా లేకుండా ఆయనను చూసినవారు ఊళ్లో లేరని చెప్పుకునేవారు. మా నాయనకు పదవి లేదు గాని, ఆయన బస్సెక్కితే కూర్చున్నవాళ్లు లేచి చోటిచ్చేవారు. నేను నంద్యాలలో ఒక విత్తనాల గోదాములో సూపర్‌వైజరును. బస్సులో నిలబడి పోతాను. చోటు కోసం ఎవరి ముఖమూ చూడను.

పెద్దల నుంచి నాకు దక్కింది నల్లమల కొండ కింద ఐదెకరాల చేను, దాని గట్టు మీద ఒక వేపచెట్టు, జేజినాయన వాడిన రెండు గొట్టాల తుపాకీ. తుపాకీ లైసెన్సు నాయన తర్వాత నా పేరుకు మారింది. గోడ మీద జేజినాయన ఫోటో ఉంది. భుజానికి తుపాకీ, కాలికింద పంది. ఆ ఫోటో కింద పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఎత్తంటే భయమని ఎవరికీ చెప్పలేదు. మిద్దె పిట్టగోడ దగ్గర నిలబడితే అరికాళ్లు చల్లబడతాయి. యాభై ఏళ్లు దాచిన సంగతి అది.

మా చేను కౌలుకు చేసే రైతు నా ఈడువాడే. వాళ్ల కుటుంబం మూడు తరాలుగా ఆ మట్టిలోనే ఉంది. నిరుడు జొన్నచేలో ఒక పంది ఆయన తొడను చీల్చింది. ఈ ఏడు మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళకు ఆయన గోదాము గేటు దగ్గరికి వచ్చాడు.

“సామీ, పందులు మళ్లా దిగినాయి. మొన్న నాలుగు సాళ్లు పండబెట్టినాయి.”

“డబ్బాలు కొట్టలేదా?”

“డబ్బాలు కొడితే అవి నిలబడి ఇంటాండాయి. పాటకచేరి అనుకుంటాండాయో ఏమో.” తొడ మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. “ఈ పంట పోతే నేను చేను ఇడిసిపెడతా. ఇంకెవురూ ముందుకు రారు. మీ ఇంట్లో తుపాకీ ఉండాది గదా. దానికి దండ ఏసి పూజ చేసుకోడానికా?”

రైతులు పెట్టుకున్న అర్జీ మీద అటవీ శాఖ అనుమతి అప్పటికే వచ్చింది. చేలో పడిన అడవిపందుల మీద మాత్రమే, కొద్ది రోజులే, లైసెన్సు ఉన్నవాడే కాల్చాలి. చుట్టుపక్కల లైసెన్సు తుపాకీ ఉన్నది నాకే కాబట్టి ఆ కాగితంలో ఉన్నది నా పేరు. నేను చెట్టెక్కకపోతే మరొకరు ఎక్కడానికి లేదు. కింద నిలబడి కాల్చడం ఆయన తొడ చూసినవాడెవడూ చేయడు. వేపచెట్టుకు రెండు నిలువుల ఎత్తులో కొమ్మలు చీలి కూర్చునేంత చోటుంది. అంతవరకు మొద్దుకు ఒక్క కొమ్మ లేదు.

“వస్తాను” అన్నాను. గొంతు బాగానే పలికింది.

నంద్యాల బజారులో తాళ్లు, గొలుసులు, బోరు మోటార్ల సామాను అమ్మే ఒక సాయిబు ఉన్నాడు. తాటిచెట్లెక్కేవాళ్లకూ ఆయనే సామాను తెప్పిస్తాడు. నా పని విని మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటివి మర మాదిరి చెట్టులోకి తిప్పి దించే ఇనుప మేకులు. రెండోది ముక్కలుగా విడిపోయే నిచ్చెన. ఇనుముది, ఒక్కొక్క ముక్క నాలుగు కిలోలుంటుంది. మూడోవి అల్యూమినియం మెట్లు. అరచేతి కంటే కొంచెం పెద్దవి. ఒక్కొక్కదానికి ఒక పట్టీ. పట్టీని మొద్దు చుట్టూ తిప్పి, బిగించి, మెట్టును కిందికి నొక్కితే దాని వెనక ఉన్న పళ్లు బెరడును కరుచుకుంటాయి.

“మేకులు వద్దు” అన్నాను. “మా చెట్టులోకి ఇనుము దించే ఆచారం లేదు.”

“అట్లైతే ఇవే సార్. ఎనిమిదీ కలిపి మూడు కిలోలు రావు. సంచిలో ఏసుకుని పోతే టిఫిను క్యారేజీ అనుకుంటారు.” ఒక మెట్టు తిప్పి పళ్లు చూపించాడు. “ఈ పళ్లు బెరడును పట్టుకోవల్ల. మధ్యలో గోనె గాని, గుడ్డ గాని పెట్టొద్దు. జారతాది. నడుముకు ఈ బెల్టు గూడా తీసుకోండి.”

“నడుముకు తాడు కట్టేది ఎద్దుకు.”

ఆయన నా ముఖం చూశాడు. “ఎద్దు యాడ ఎక్కుతాది సార్ చెట్టు” అని బెల్టును లోపల పెట్టేశాడు.

మరునాడు గోదాములో అందరూ భోజనానికి పోయాక రేకుల షెడ్డు చెక్క స్తంభానికి ఒక మెట్టు కట్టాను. నేలకు మూరెడెత్తు. ఎక్కి నిలబడ్డాను. మెట్టు కదల్లేదు. స్తంభాన్ని కౌగిలించుకుని వంద లెక్కపెట్టి దిగాను. చొక్కా తడిసిపోయింది. అంత ఎత్తు నుంచి పడితే చీమ కూడా చావదు. అయినా నాకు చావే గుర్తొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డలో బస్సు దిగాను. చేను దగ్గర రైతు ఎదురుచూస్తున్నాడు. వేపమొద్దుకు పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్లున్నాయి. ఆ చెట్టులో పెద్దమ్మ తల్లి ఉందని మా ఇంట్లోనూ వాళ్ల ఇంట్లోనూ నమ్మకం. విత్తేముందు మొదటి గింజలు దాని మొదట్లోనే వేస్తారు. కొడవలిని కూడా దానికి ఆనించి పెట్టరు.

నేను మెట్టు పళ్లను మొద్దుకు ఆనించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అమ్మను కరిపిస్తావా సామీ?”

దుకాణంలో సాయిబు చెప్పినది నాకు స్పష్టంగా గుర్తుంది. కాని ఆ చెట్టు గురించి ఒక కౌలురైతు నాకు చెప్పవలసి రావడం నాకు తల తీసేసినట్లయింది. చెప్పవలసినవాణ్ణి నేను. మా అమ్మ ఉన్నన్నాళ్లు ఆ చెట్టుకు చీర కట్టకుండా దీపం పెట్టేది కాదు.

“నాకు తెలియదనుకున్నావా” అన్నాను. నా కొత్త పంచెను చించి ఎనిమిది మడతలు చేశాను. ప్రతి మెట్టు వెనకా ఒక మడత. పట్టీలు నేనే బిగించాను. కిందివి నేల మీద నిలబడి, పైవి కట్టిన మెట్ల మీద నిలబడి. ఆయన బిగిస్తానంటే వద్దన్నాను. పైకి పోయేకొద్దీ చేతులు చెమట పట్టి పట్టీ సరిగా గుంజలేకపోయాను. ఆ సంగతి కూడా పైకి చెప్పలేదు.

నేను దిగాక ఆయన మెట్ల వరుసను చూసి నవ్వాడు. “మీ జేజినాయనకు ఇవన్నీ అక్కర్లేదంట. మా జేజినాయన వంగితే ఆయన భుజం మీద కాలు పెట్టి ఎక్కేవాడంట.”

“ఎవరు చెప్పారు?”

“మా జేజి. ఆ భుజానికి ఆమె ఆముదం రాసేది.”

ఫోటోలో లేనిది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

పొద్దు కొండ వెనక్కు ఒరిగే వేళకు ఎక్కడం మొదలుపెట్టాను. తుపాకీని తాడుతో తర్వాత లాగుకోమని ఆయన అన్నాడు. నేను ఫోటోలో లాగా భుజానికి వేసుకున్నాను. తూటాలు జేబులో ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు మీద చేను కనిపించింది. కిందికి చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన తలపాగా చిన్నగా, గుండ్రంగా కనిపించింది. అరికాళ్లు చల్లబడ్డాయి.

ఐదో మెట్టు మీద బరువు వేశాను. అది నిలిచింది. పై మెట్టును చేత్తో అందుకుని పైకి లేవబోతే భుజం మీది తుపాకీ వెనక్కి గుంజింది. నేను వెనక్కి వాలాను. ఐదో మెట్టు గుడ్డతో సహా జానెడు కిందికి జారింది.

పడలేదు. మొద్దును రెండు చేతులా కావలించుకుని ఉండిపోయాను. చెంపకు బెరడు గుచ్చుకుంది. ఒక కాలు గాలిలో, ఒక కాలు వదులైన మెట్టు మీద. ఊపిరి తీస్తే మెట్టు కదులుతోంది. అప్పుడే చేలో అటువైపు నుంచి మొక్కజొన్న కాడలు విరిగే చప్పుడు వచ్చింది. ముందు ఒకటి, తర్వాత చాలా.

“వచ్చినాయి” అన్నాడు ఆయన మెల్లగా.

“నువ్వు గట్టెక్కి పో.”

“నువ్వు దిగు ముందు.”

“కాలు ఆనడం లేదు.”

జీవితంలో మొదటిసారి ఒక మనిషితో ఆ మాట అన్నాను. తర్వాతి మాట దానంతట అదే వచ్చింది. “భయమేస్తోంది.”

చప్పుడు దగ్గరికి వస్తోంది. పంది గురక వినిపించింది. చీలిన తొడతో ఉన్న మనిషి పరుగెత్తి ఉంటే నేను తప్పు పట్టేవాణ్ణి కాదు. ఆయన మొద్దుకు ఆనుకుని రెండో మెట్టు మీదికి ఎక్కినట్లు పట్టీ కిర్రుమన్న చప్పుడుతో తెలిసింది.

“ఎడమకాలు కిందికి ఇడువు. ఇంకా. ఇంకా. ఆ, అదే. నా భుజం.”

నా కాలికింద ఎముక తగిలింది.

“బరువు ఎయ్యి సామీ. సిగ్గు పడతాండావా? మా వంశానికి అలవాటే.”

బరువు వేశాను. ఆయన మూలిగాడు. నేను మొద్దును గీరుకుంటూ దిగాను. నేలకు తగిలాక ఆయన పక్కనే కూలబడ్డాను. పందులు మాకు పది అడుగుల దూరంలో చేను లోపల మేస్తున్నాయి. ఇద్దరం చెట్టుకు వీపు ఆనించి, తూటాలు ఎక్కించని తుపాకీని అడ్డం పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాం. అవి కడుపునిండా తిని తమంతట తాము కొండవైపు పోయేదాకా నా చెయ్యి ఆయన మోచేతిని పట్టుకునే ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకు తెలియదు.

చప్పుడు ఆగిన తర్వాత ఆయన భుజం తడుముకున్నాడు. చొక్కా మీద నా పాదం అచ్చు ఉంది. మట్టి, పసుపు కలిసి.

“ఇంటికి పోయి ఆముదం రాయించుకో” అన్నాను.

“మా ఆడది నిన్ను తిడతాది.”

“తిట్టనీ.”

మరునాడు పొద్దున మెట్లు నేను విప్పలేదు. ఆయనే కింద నుంచి అందినంతవరకు విప్పి, మిగతావి దోటితో లాగాడు. గుడ్డ మడతలు చూసి, ఇవి లేకుంటే మెట్టు జారేది కాదని మా ఇద్దరికీ తోచింది. దుకాణం సాయిబుకు చెబితే నవ్వుతాడు. చెట్టును గాయపరచి ఉంటే నేను నిద్రపోయేవాణ్ణి కాదు. ఆ రెండూ నిజమే.

అనుమతి కాగితాన్ని తిరిగి ఇచ్చేశాను. పంట సగం దక్కింది. చేను ఇడిసిపెడతానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. చుట్టూ సోలారు కంచె ఉంటే వచ్చే ఏడు కూడా చేస్తానన్నాడు. కంచె వేయించాను. దానికోసం తుపాకీని తోలు సంచితో సహా కర్నూలులో లైసెన్సు ఉన్న వ్యాపారికి అమ్మాను.