నాయన నిలబడిన పాఠం

మా నాయన హెడ్మాస్టరుగా ఉన్న బడిలోనే నా ఆఖరి పరీక్ష పాఠం పడిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. తొంభైల చివరి సంవత్సరాలవి. నేను ఆత్మకూరులో టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. మా ఊరు ఉదయగిరి కొండ కింద పల్లె. ఐదో తరగతి దాకా ఆ ఊరి బడిలోనే, నాయన దగ్గరే చదువుకున్నాను. బడి గడప లోపల ఆయన్ను నాయనా అని పిలవకూడదు, సార్ అనాలి. ఒకసారి నోరు జారి నాయనా అన్నందుకు అందరి ముందూ తొడపాశం పెట్టాడు. అలాంటి మనిషి చూస్తుండగా నేను టీచరునై పాఠం చెప్పాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నాకైతే ఆ రచ్చే నయమనిపించింది.

ఆ ఏడాదే మా ట్రైనింగ్ కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. ఒకటే. దానికొక గది, గదికొక తాళం, తాళానికొక లెక్చరర్. చెప్పులు బయట విడిచి, కాళ్ళు దులుపుకుని లోపలికి పోవాలి. దుమ్ము పడితే అది పాడైపోతుందని ఆయన భయం. మేమేమో మర్రిపాడు నుంచి, చేజర్ల నుంచి, జలదంకి నుంచి దుమ్ము కొట్టుకుంటూ బస్సుల్లో వచ్చేవాళ్ళం. ఎంత దులిపినా మాకు దుమ్ము పోదు. మౌసును జరపమంటే మా వాడొకడు దాన్ని గాల్లోకి ఎత్తి తెరకు ఆనించాడు. పడీ పడీ నవ్వాం గానీ, మా వంతు వచ్చేసరికి మేమూ తెర మీద బాణం గుర్తు ఎక్కడుందా అని వెతుక్కున్నాం. నాకు మాత్రం అది తొందరగా పట్టుబడింది. బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి గుండ్రాలు, చతురస్రాలు గీసి రంగులు నింపేవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, లెక్చరర్ తాళం చేత్తో పట్టుకుని నిలబడేదాకా కదిలేవాణ్ణి కాదు.

మా ప్రిన్సిపాల్‌కు ఒక పట్టుదల ఉండేది. గదిలో కూర్చుని మేం నేర్చుకుంటే చాలదు, చిన్న తరగతుల పిల్లల ముందు దాన్ని వాడి పాఠం చెప్పగలగాలి అనేవాడు. అందుకని మిషన్ను ఒక పల్లె బడికి తీసుకుపోయి, అక్కడ ఒక ట్రైనీ చేత మూడో తరగతికి కంప్యూటర్‌ను పరిచయం చేసే పాఠం చెప్పించాలని నిర్ణయించాడు. అది బాగా జరిగితే మిగతా పల్లెలకూ మిషన్ పోతుంది. బాగా జరగకపోతే మళ్ళీ ఆ గది దాటదు. ట్రైనీగా నన్ను ఎంచాడు. బడి మా నాయనదన్నాడు. మిద్దె బడి, తలుపులు గట్టివి, ఎదురింట్లో కరెంటు ఉంది, వైరు లాక్కోవచ్చు అని కారణాలు చెప్పాడు. అసలు కారణం నాకు తర్వాత తెలిసింది. నాయన నాకు చెప్పకుండా బస్సెక్కి ఆత్మకూరు వచ్చి ఆయన్ను అడిగిపోయాడు. ఆ ఏడాదితో ఆయన రిటైరవుతున్నాడు. పోయేలోపల తన పిల్లలు ఆ మిషన్ను ఒక్కసారి చేత్తో తాకాలని ఆయన కోరిక. దానికి తోడు దాన్ని తెచ్చింది తన కొడుకని ఊరు అనుకోవాలని కూడా ఉండి ఉంటుంది.

ట్రైనింగ్ అయినవాళ్ళకు తెలుసు, పాఠానికి ముందు ఉన్ముఖీకరణ అని ఒక తంతు ఉంటుంది. పాఠం పేరు టీచరు తన నోటితో చెప్పకూడదు. ప్రశ్న మీద ప్రశ్న వేసి, ఆ పేరును పిల్లల నోటి నుంచే రప్పించి, అప్పుడే బోర్డు మీద రాయాలి. ఆవు గురించి పాఠమైతే, మీకు పాలు ఎవరిస్తారు అని మొదలుపెడతాం. మా అవ్వ అంటారు. అయినా పర్వాలేదు, ఇంకో రెండు ప్రశ్నలకు ఆవు దగ్గరికి వస్తారు. కానీ కంప్యూటర్ అనే మాటే వినని పిల్లల చేత కంప్యూటర్ అనిపించడం ఎట్లా? పరీక్షకు వారం ముందు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ దగ్గర ఇదే మొత్తుకున్నాను.

"తెలీని మాట వాళ్ళ నోట్లో నుంచి యాడ వస్తాదిమా? అది రాకపోతే మొదట్లోనే మార్కులు పోతాయి" అన్నాను.

"మీ నాయన్ను అడగరాదా" అంది అమ్మ.

నాయన పక్కనే కూర్చుని మజ్జిగన్నం తింటున్నాడు. ఏమీ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని, కండువాతో మూతి తుడుచుకుని, బయటికి పోయాడు. ఆయన మాట్లాడకపోతే విననట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

పరీక్ష రోజు జీపులో మిషన్ను బొంతలో చుట్టుకుని పోయాం. లెక్చరర్ తెరను ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా దాన్ని కావలించుకున్నాడు. బడి దగ్గర దిగి చూస్తే నాకు ప్రాణం పోయింది. గుమ్మానికి మామిడాకులు, వరండా అంతా రంగు కాగితాలు, వరసగా కుర్చీలు. సర్పంచి, చర్చి పెద్దలు, ఎదురింటాయన అందరూ తెల్లబట్టల్లో వచ్చి కూర్చున్నారు. ముందటి ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే నాయన అందరినీ పిలిచాడట. పరీక్షలా లేదు, పెళ్ళిచూపుల్లా ఉంది. పెళ్ళికూతుర్ని నేనే. నెల్లూరు నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ తోరణాల వైపు చూసి, నా వైపు చూసి, మూతి ముడిచాడు. వయసులో నాయన కన్నా బాగా చిన్నవాడు. ముక్కు సూటి మనిషని ముందే చెప్పారు.

మిషన్ మీద దుప్పటి కప్పి ఉంచి పాఠం మొదలుపెట్టాను.

"పిల్లలూ, మీ ఇంటికి ఉత్తరాలు ఎవరు తెస్తారు?"

"కంప్యూటర్" అన్నారు తరగతి మొత్తం, ఒకే గొంతుతో.

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను వినపడనట్టు ఇంకో ప్రశ్న వేశాను.

"పాటలు దేంట్లో వింటారు?"

"కంప్యూటర్."

"సరే, అంగట్లో లెక్కలు ఎవరు చూస్తారు?"

మళ్ళీ అదే. పిల్లల ముఖాలు వెలిగిపోతున్నాయి. ఎప్పుడు అడుగుతారా, ఎప్పుడు చెబుదామా అని కాచుకుని ఉన్నారు పాపం. ప్రశ్న ఏదైతేనేం, జవాబు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. పెద్దలు పగలబడి నవ్వుతున్నారు. మా లెక్చరర్ కర్చీఫ్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎగ్జామినర్ పెన్ను మూత పెట్టి నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ముందే వచ్చి చెప్పిపెట్టి పోయినావా?"

తరగతి వెనక నుంచి నాయన లేచాడు.

"వాడికి తెలవదు సార్. నేనే చెప్పించినాను. రోజూ ప్రేయర్ అయినాక ఆ మాట అనిపిస్తా ఉన్నాను."

"ఇన్నేళ్ళ సర్వీసు ఉండాది గదా మీకు, ఇదేనా నేర్చింది? జవాబు పిల్లోళ్ళకు ముందే అందిస్తే ఇంక పరీక్ష ఎందుకు, పాఠం ఎందుకు?" అన్నాడు ఎగ్జామినర్. గట్టిగానే అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. మా నాయనతో ఎవరైనా ఆ గొంతుతో మాట్లాడటం నేను అంతవరకూ వినలేదు. ఆ పిల్లలూ విని ఉండరు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "తప్పే సార్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేల చీలితే అందులో దూరిపోదును.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన ఆగలేదు. నడుచుకుంటూ పోయి, బోర్డు పక్క గోడకు వీపు ఆనించి, పిల్లలకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ బడిలో చదివిన వాళ్ళందరికీ దాని అర్థం తెలుసు. పక్కవాడికి జవాబు అందించినవాడు ఆ గోడ దగ్గర నిలబడాలి. పాఠం చెబుతున్నవాళ్ళు కూర్చోమనేదాకా కదలకూడదు. నేనూ అక్కడ చాలాసార్లు నిలబడ్డాను. పిల్లలు బిగుసుకుపోయారు. ఎగ్జామినర్‌కు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయనకూ ఇబ్బందయింది.

"ఏదో కోపంలో అన్నాను మాస్టరూ. మీరు కూర్చోండి" అన్నాడు.

"మా బడిలో పాఠం చెప్పే అయివారే కూర్చోమనాల సార్" అన్నాడు నాయన.

అందరూ నా వైపు చూశారు. ఒక్క మాట. కూర్చోమని ఒక్క మాట అంటే సరిపోయేది. అది నా నోట రాలేదు. నాయనా అనాలా, సార్ అనాలా అని తడబడ్డాను. తండ్రిని కూర్చోబెట్టడానికి, నిలబెట్టడానికి నేనెవర్నని కూడా అనిపించింది. ఇవన్నీ నిజమే గానీ, వీటన్నిటి కింద ఇంకోటి ఉంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. చెయ్యకూడని పని చేసి నా పరువు తీసింది చాలక, ఇప్పుడు ఈ నిజాయితీ కూడా నా నెత్తినే రుద్దాలా? ఆ తోరణాలు ఎవరు కట్టమన్నారు? ఈ జనాన్ని ఎవరు పిలవమన్నారు? నిలబడాలని ఉంటే నిలబడనీ అనుకున్నాను. ఆయనకు వీపు తిప్పి, మిషన్ మీది దుప్పటి తీశాను.

ఆ పాఠం బాగానే చెప్పానని తర్వాత అందరూ అన్నారు. పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి మౌసు చేతికిచ్చాను. చొక్కాలకు, లంగాలకు చేతులు తుడుచుకుని వచ్చారు. తెర మీద గుండ్రం గీయించాను. ఒకడిది దోసకాయలా వచ్చింది, ఒక పిల్లది తెర అంచు దాటి పోయింది. మామూలుగా అయితే ఆ గది నవ్వులతో ఎగిరిపోవాలి. ఎవరూ నవ్వలేదు. మౌసు ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ గోడ వైపు చూశారు. ఆయన తల ఊపితేనే ముట్టుకున్నారు. ఆయన కోరిక ఎట్లాగైతేనేం తీరుతోందని నాకు తెలుసు. అయినా తిరిగి ఆయన ముఖం చూడలేకపోయాను. వీపు మీద ఎండ పడ్డట్టు ఆయన చూపు తెలుస్తూనే ఉంది.

చివర్లో పునర్విమర్శ. చెప్పిన పాఠం నుంచే ప్రశ్నలు అడగాలి. మిషన్ మీద చెయ్యి పెట్టి, దీని పేరేమిటి అన్నాను. ఇప్పుడు ఆ జవాబు సరైనదే. తరగతిలో అది తెలియని పిల్ల లేదు. కానీ ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మాట అన్నందుకే కదా వాళ్ళ సారు గోడ దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ అడిగాను. ఎగ్జామినర్ వాచీ చూసుకున్నాడు. రెండో వరసలో జడగంటలు వేసుకున్న పిల్ల ఒకతె లేచి నిలబడింది.

"ముందు మా సారును కూర్చోమనండి సార్. అప్పుడు చెప్తాం" అంది.

పిల్ల గొంతులో భయం లేదు. న్యాయం అడిగినట్టు అడిగింది. కొడుకునై ఉండి నేను అనలేని మాట ఆ మూడో తరగతి పిల్ల అనేసింది. అప్పటికి గానీ నేను గోడ వైపు తిరగలేదు.

"కూర్చోండి సార్" అన్నాను. నాయన కుర్చీ దగ్గరికి పోలేదు. ఉన్నచోటనే గోడకు జారబడి, పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, ఒక చెయ్యి నేల మీద ఆనించి కూర్చున్నాడు. అప్పుడా పిల్ల మెల్లగా "కంప్యూటర్" అంది.

నేను పాసయ్యాను. మిషన్ మళ్ళీ బొంతలో చుట్టుకుని ఆత్మకూరు పోయింది. తర్వాత ఇంకొన్ని పల్లెలు కూడా తిరిగింది. ఆ సాయంత్రం ఇంటికి పోవాలంటే నాకు కాళ్ళు రాలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. గడపలో ఉండగానే ఆయన అమ్మతో చెబుతున్న మాటలు వినపడ్డాయి.

"వాడు గెట్టోడే. అంతమంది ముందర తండ్రినని చూడలా. ఆ పెద్దసారు కూర్చోమన్నా వీడు కూర్చోమనలా. పాఠం అయ్యిందాకా నిలబెట్టినాడు. అయివారంటే అట్టుండాల."

అమ్మ నాకు అన్నం వడ్డించింది. ఆయన పక్కన కూర్చుని తిన్నాను. నాయనా, అది నియమం కాదు, కోపం, నామర్దా అని చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ రోజు ఊరి ముందు ఆయనకు పోయినదంతా పోయింది. మిగిలిన గర్వం నేనొక్కణ్ణే. అది కూడా తీసేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ వేసవిలో ఆయనకు సన్మానం చేశారు. శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమంటే, ఆయన తన సర్వీసు గురించి చెప్పలేదు. ఈ కథే చెప్పాడు. అందించింది తానేనని దాచలేదు, తనను నిలబెట్టిన కొడుకును చేత్తో చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. పక్కనున్న చర్చి పెద్ద నా భుజం తట్టి, "ఎంత వినయంరా నీకు" అన్నాడు.