మూత మావయ్య ఐసుపెట్టె

పిల్లలు ఆయనకు మూత మావయ్య అని పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. సరస్సు ఒడ్డున డేరాలు వేసుకున్నప్పటి నుంచి ఆయన నోట "మూత వెయ్యండి" తప్ప ఇంకో మాట వస్తే ఒట్టు.

ఉద్యోగమంతా సినిమా హాలు తలుపు దగ్గరే గడిచింది. ఆట మొదలయ్యాక తలుపు తీస్తే బయటి వెలుగు పడి తెర వెలవెలబోతుంది. అయినా తీసేవాళ్లు తీస్తూనే ఉండేవాళ్లు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు, ఒక్క నిమిషమే కదా అని. ఆ మాట వింటే ఇప్పటికీ ఆయనకు ఒళ్లు మండుతుంది. మండదూ మరి? ఎవరి నిమిషం వాళ్లకు ఒక్కటే. తలుపు దగ్గర నిలబడ్డవాడికి అవన్నీ కలిసి సినిమా అంత అవుతాయి.

ఏటా వేసవిలో ఇంటిల్లిపాదీ కార్లేసుకుని ఆ సరస్సుకు వెళతారు, ఒక్క ఆయన పెద్దక్క తప్ప. రోజూ పొద్దున్నే ఆవిడ వేసుకునే ఇంజెక్షను మందు ఫ్రిజ్‌లో ఉండాలి, వేడి తగిలితే పారబోయాల్సిందే. నాకేంరా, ఇంట్లో హాయిగా ఉంటాను అనేది. వాళ్లు తిరిగొచ్చాక మాత్రం ఫొటోలు అడిగి మరీ చూసేది. ఈసారి తమ్ముడు మొండికేశాడు. ఐసు కరగకుండా చూసే పూచీ నాది, నువ్వు బట్టలు సర్దుకో అన్నాడు.

అన్నమాట ప్రకారమే చేశాడు. చిన్న ముక్కలు ఇట్టే కరిగిపోతాయని ఖాళీ నూనె డబ్బాల్లో నీళ్లు పోసి పెద్ద పెద్ద దిమ్మలు గడ్డకట్టించాడు. వెచ్చటి పెట్టెలో పెడితే ఐసంతా పెట్టెను చల్లబరచడానికే అయిపోతుందని, ముందురోజే అందులో కాస్త ఐసు పోసి ఉంచాడు. సందుల్లో గడ్డకట్టిన నీళ్లసీసాలు దోపాడు. మందు కూడా గడ్డకడితే పనికిరాదు కనుక దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, అన్నిటికన్నా పైన ఉంచాడు. కూల్‌డ్రింకులకు వేరే పెట్టె ఇచ్చి, మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి, దీని జోలికి మాత్రం రాకండి అని అందరికీ పేరుపేరునా చెప్పాడు.

వింటేనా? కూల్‌డ్రింకుల పెట్టె మూత రోజంతా నోరు తెరుచుకునే ఉంది, సాయంత్రానికల్లా అందులో ఐసు నీళ్లైపోయింది. అప్పుడు అందరి కళ్లూ ఈ పెట్టె మీద పడ్డాయి. బావమరిది వచ్చి వెచ్చటి సీసాలు ఇందులోకి తోయబోయాడు. పిల్లలు ఊరికే ఐసు చూసి పోతామన్నారు. చివరికి ఆయన పెట్టెను చెట్టునీడకు లాక్కెళ్లి, దుప్పటి కప్పి, దాని మీదే కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. అందరూ నవ్వారు. నవ్వరూ, మందు వాళ్లది కాదుగా.

మర్నాడు అక్క నీళ్లలోకి దిగుతానంది. ఎన్నేళ్లుగానో ఫొటోల్లో చూసిన నీళ్లు. చెయ్యి పట్టుకోవడానికి తమ్ముడే వెళ్లాలి. పెట్టెను భార్యకు అప్పజెప్పి, అక్కతోపాటు దిగాడు. నడుము లోతు దాకా వెళ్లి ఆవిడ చిన్నపిల్లలా మునకలేసింది.

ఆయన భార్యకు శుభ్రం పిచ్చి. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగే మనిషి. ఆయన ఒడ్డుకు వచ్చేసరికి పెట్టె ఎండలో బోర్లించి ఉంది. ఐసు దిమ్మలు గడ్డి మీద కరిగిపోతున్నాయి.

"అడుగున నీళ్లు నిలిచిపోయాయండీ. కంపు కొడుతుందని పారబోసి కడిగాను," అందావిడ. "మందు ఎవరూ తొక్కకుండా కార్లో ముందు అద్దం దగ్గర పెట్టాను."

ఆ నీళ్లూ ఐసంత చల్లగానే ఉంటాయని, దిమ్మల్ని కాపాడుతున్నవి అవేనని ఆయన ఎన్నిసార్లు చెప్పాడు! పరుగెత్తుకెళ్లి కారు తలుపు తీస్తే మొహాన సెగ కొట్టింది. స్టీలు డబ్బా చేత్తో పట్టుకోలేనంతగా కాలిపోతోంది. రేపు పొద్దున్న వేసుకోవడానికి ఇంకో మందు సీసా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది. అంటే అక్క ఈ పూటే బయల్దేరాలి.

పోనీలేరా, చూశానుగా అంది అక్క. ఆ మాటతో ఆయనకు కోపం నషాళానికి అంటింది. ఇన్నేళ్లూ ఈవిడ పోనీలే అంటూ వచ్చింది కాబట్టే వీళ్లందరూ నిశ్చింతగా వచ్చి వెళ్లారు. భార్య కళ్లు తుడుచుకుంది, నిజమే. మిగిలినవాళ్లు అయ్యో పాపం అన్నారు, అని మళ్లీ పేకముక్కలు పంచుకున్నారు. వెంట వస్తానన్నవాడు ఒక్కడూ లేడు.

సామాను కార్లో పెట్టి స్టార్ట్ చేయబోతుంటే బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు. వీడ్కోలు చెప్పడానికేమో అనుకున్నాడాయన.

"బావా, ఆ పెట్టె ఉంచేసి వెళ్లండి. ఎలాగూ ఖాళీయే కదా, డ్రింకులు పెట్టుకుంటాం."

ఆయన కారు దిగాడు. డిక్కీలోంచి పెట్టె తీసి బావమరిది కాళ్ల దగ్గర పెట్టాడు. వంగి దాని మూత ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

"పెట్టె ఉంచుకో. మూత అవసరం మీకు ఎప్పుడూ పడలేదుగా," అన్నాడు.

ఆయన తిరిగి కారెక్కాడు. మూతను అక్క ఒళ్లో పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా దాన్ని రెండు చేతులా పట్టుకునే కూర్చుంది. ఆవిడ జుట్టు ఇంకా తడిగానే ఉంది.